అష్ఫాక్‌కు ఇచ్చిన టీ

మంగళగిరి బస్టాండు వెనక సందులో దిల్షాద్ బేగం జాకెట్లు కుట్టేది. కుట్టు కుదరలేదని ఒక్కరూ వెనక్కి తెచ్చి ఎరగరు. అంత నెమ్మదైన మనిషి గుండెలో పదకొండేళ్లుగా ఒక రాయి ఉందని భర్త ఖయ్యూమ్‌కు కూడా తెలియదు.

1992లో ఆమె తమ్ముడు అష్ఫాక్‌ను అపెండిసైటిస్ ఆపరేషన్‌కు విజయవాడలో ఒక నర్సింగ్‌హోమ్‌లో చేర్చారు. వాడికి పందొమ్మిదేళ్లు. పచ్చి మంచినీళ్లు కూడా ఇవ్వొద్దన్నారు. "ఆపా, గొంతు ఆరిపోతోంది, ఒక్క గుక్క" అని వాడు బతిమాలితే, ఎవరూ చూడకుండా అర గ్లాసు టీ తాగించింది. మత్తిచ్చిన కాసేపటికే వాడి దవడలు బిగుసుకుపోయాయి. ఒళ్లు కొయ్యబారి, పెనంలా కాలిపోయింది. సాయంత్రానికి ప్రాణం పోయింది. "మత్తు పడలేదు" అన్నారు డాక్టర్లు. తన టీయే తమ్ముణ్ణి చంపిందనుకుంది దిల్షాద్.

2003లో ఆమెకే పిత్తాశయంలో రాళ్లు తేలాయి. రెండుసార్లు ఆపరేషన్ వద్దని తప్పించుకుంది. మూడోసారి నొప్పికి మెలికలు తిరిగిపోతుంటే ఖయ్యూమ్ ఇక వినలేదు.

మత్తు డాక్టరు ఛాయాదేవి అందరినీ అడిగినట్టే అడిగింది: "మీ ఇంట్లో ఎవరికైనా మత్తిచ్చినప్పుడు ఇబ్బందైందా?"

దిల్షాద్ భోరుమంది. టీ సంగతితో సహా భర్త ముందే అంతా చెప్పేసింది. ఖయ్యూమ్ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

"వాంతి అయిందా అతనికి?" అంది డాక్టరు.

"లేదండీ."

"అయితే వినండి. కండరాల కణాల్లో కాల్షియం దాచుకునే సంచుల్లాంటివి ఉంటాయి. వాటికి సన్నటి తలుపులు. మీరు సూది పట్టుకోవాలనుకోగానే ఆ తలుపులు క్షణంపాటు తెరుచుకుంటాయి. కాల్షియం బయటికొస్తే కండరం బిగుస్తుంది, తిరిగి లోపలికెళ్తే వదులవుతుంది. కొన్ని కుటుంబాల్లో పుట్టుకతోనే ఆ తలుపులో లోపం ఉంటుంది. రోజూ ఏమీ తెలీదు. కొన్నిరకాల మత్తు గ్యాసులు తగిలితే మాత్రం తెరుచుకున్న తలుపు మూసుకోదు. కండరాలన్నీ బిగుసుకుపోయి ఒళ్లు మండిపోతుంది."

"మరి నేనిచ్చిన టీ?"

"తాగించడం తప్పేనమ్మా. వాంతై ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. కానీ అతనికి వాంతే కాలేదుగా! ఇప్పుడు పరీక్ష చేసి చూపించలేను గానీ, మీరు చెప్పినవన్నీ ఈ జబ్బు గుర్తులే. దీనికీ టీకీ సంబంధం లేదు."

దిల్షాద్ కొంగుతో మొహం తుడుచుకుని, "సరేనండీ, ఆపరేషన్ చేయండి" అంది.

ఛాయాదేవి మత్తు మిషన్‌కున్న గ్యాసు మందు సీసాలు తీయించింది, గొట్టాలు మార్పించింది, చాలాసేపు ఒట్టి ఆక్సిజన్ పోనిచ్చింది. మత్తంతా నరంలోకి ఇచ్చే మందులతోనే. ఆపరేషన్ సాగినంతసేపూ జ్వరం చూస్తూనే ఉంది. దిల్షాద్ కళ్లు తెరిచేసరికి ఖయ్యూమ్ మంచం పక్కనే ఉన్నాడు.

"జ్వరం ఉందా?" అంది.

"లేదు. చల్లగా ఉన్నావు" అన్నాడతను, కన్నీళ్లు తుడుచుకుంటూ.

ఇంటికొచ్చిన వారానికి తల్లి దగ్గర కూర్చుని టీ మాట చెప్పింది. తల్లి ఆమె తల ఒళ్లోకి తీసుకుని, "పిచ్చిదానా, ఇన్నాళ్లూ ఒక్కదానివే మోశావా?" అంది.

ఈ కుటుంబంలో ఎవరికీ ఆ మత్తు గ్యాసులు ఇవ్వొద్దని డాక్టరు రాసిచ్చిన కాగితాన్ని జిరాక్సులు తీయించి మైలవరంలో, చల్లపల్లిలో ఉన్న చుట్టాలందరికీ దిల్షాద్ స్వయంగా పంచింది. 2008లో కూతురు హఫ్సా సైకిలు మీంచి పడి మోచెయ్యి విరిగినప్పుడు, ఆస్పత్రి కౌంటర్లో పేరు చెప్పడానికి ముందే ఖయ్యూమ్ ఆ కాగితం బయటికి తీశాడు. ఆపరేషన్ అయిన మూడో రోజు పిల్ల కట్టుతో ఇంటికొచ్చి, అన్నం తినిపించమని తల్లిని వేధించింది.