స్కోరెంతరా, ఒరెస్ట్?

ఒరెస్ట్ బాబియాక్ మా వెర్నా జట్టుకి పదకొండు సీజన్లు ఐస్ హాకీ ఆడాడు. కొట్టిన గోల్స్ నాలుగంటే నాలుగు. కొట్టిన మనుషులెందరో ఎవరూ చెప్పలేరు. మావాళ్ల మీద ఎవడైనా చెయ్యి వేస్తే, గ్లవ్స్ మంచు మీద పడేసి వాడి పని పట్టడమే అతని ఉద్యోగం. ఊరంతా ‘దున్న’ అని ముద్దుగా పిలుచుకునేది. అతని తలకు తగిలిన ప్రతి దెబ్బకీ చప్పట్లు కొట్టిన పాపిష్టి ఊరు మాది. నేనేం తక్కువ తినలేదు. బెంచి మీద అతని పక్క చోటు నాదే.

దెబ్బ తిని కూలబడ్డవాణ్ణి మా కోచ్ రెండే ప్రశ్నలు అడిగేవాడు. “స్కోరెంతరా? ఏ ఊళ్లో ఉన్నావురా?” సరిగ్గా చెబితే మళ్లీ మంచు మీదికి, లేకపోతే ఇంటికి. కోచ్ వెనక నిలబడి, చప్పుడు లేకుండా పెదవులు కదిపి జవాబు అందించడం పక్కవాడి ధర్మం. దాన్ని మేం స్నేహం అనుకున్నాం. ఒకసారైతే ఒరెస్ట్ గుడ్లు తేలేశాడు. అయినా నా పెదవులు చూసి “మూడు రెండు, బ్రాంటన్” అని చెప్పి, లేచి వెళ్లి ఇంకో ఇద్దర్ని పడగొట్టాడు.

“నువ్వు లేకపోతే నన్నెప్పుడో పీకేసేవాళ్లురా, మైరన్” అన్నాడు ఆ రోజు, నాకు బీరు పోస్తూ.

ఆట మానేశాక స్కూలు బస్సు నడపడానికి చేరాడు. ఇరవై ఆరేళ్లుగా అదే బస్సు, అవే మట్టిరోడ్లు. మా మనవరాలు డానికా వెళ్లేదీ అందులోనే.

మొన్న నవంబరులో అతని భార్య స్టెఫ్కా మా ఇంటికొచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“నిన్న పిరోగీలు వడ్డిస్తుంటే, ‘మీ ఆయన ఎప్పుడొస్తాడమ్మా’ అని నన్నే అడిగాడు, అన్నయ్యా. శుక్రవారం బస్సు లైసెన్సుకి డాక్టరు పరీక్ష ఉంది. నువ్వు తోడు వెళ్లు. అక్కడైనా నిజం బయటపడనీ.”

సరేనన్నాను. ఆ మాట నిజంగానే అన్నాను.

కారులో ఒరెస్ట్ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. “బస్సు లాగేసుకుంటే నాకింకేం మిగులుతుందిరా? మా ఆవిడ బీట్‌రూట్ చారా?” అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

డాక్టరు చిన్నపిల్ల. కాగితం మీదే చూపు పెట్టి, “ఇది ఏ నెలండీ? మనం ఏ ఊళ్లో ఉన్నాం?” అని అడిగింది.

ఒరెస్ట్ ఆవిడ వైపు చూడలేదు. నా వైపు చూశాడు. నోరు మూసుకోరా మైరన్, అని నాకు నేనే చెప్పుకున్నాను. అప్పటికే నా పెదవులు కదిలిపోయాయి.

“నవంబరు. వెర్నా” అన్నాడు ఒరెస్ట్, దర్జాగా.

ఆవిడ సంతకం పెట్టేసింది. వాళ్లింటి గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తున్న స్టెఫ్కాకి “పాసయ్యాడు” అని చెప్పాను. నా మొహం చూడకుండా లోపలికి వెళ్లిపోయింది.

సోమవారం పొద్దున బస్సు మా గేటు దగ్గర ఆగింది. డానికా ఎక్కింది. ఒరెస్ట్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. మొహం ఇరవై ఏళ్ల కుర్రాడిలా వెలిగిపోతోంది.

“సామానంతా ఎక్కించావుట్రా? బ్రాంటన్‌వాళ్లు మనకోసం కాచుకుని ఉంటారు.”

వెనక పిల్లలు కిలకిలా నవ్వారు. తాత జోకులేస్తున్నాడనుకున్నారు. “ఒరెస్ట్, ఆగరా!” అనేలోపే తలుపు మూసుకుంది.

బడికి కుడివైపు తిరగాలి. బస్సు ఎడమకు తిరిగింది. అటు సరస్సు తప్ప ఇంకేం లేదు. బ్రాంటన్‌కి మా జట్టు బస్సు ఆ గడ్డకట్టిన నీళ్ల మీదుగానే అడ్డంగా వెళ్లేది, జనవరిలో. అప్పటికింకా నవంబరే, నీళ్ల మీద పలచటి మంచు పొరే. పిచ్చివాడిలా అరుస్తూ దాని వెనక పరుగెత్తాను. వెనక అద్దంలోంచి డానికా నాకు చెయ్యి ఊపుతోంది.