కారు కింద అట్టముక్క

రోజూ పొద్దున మొహమైనా కడుక్కోకుండా నర్సమ్మ వాకిట్లోకి వెళ్లి, కారు కింద పరిచి ఉంచిన అట్టముక్కను బయటికి లాగి చూసేది. ఆయిలు చుక్క కనబడకపోతే "చల్లగా ఉండు తల్లీ" అని బానెట్ మీద తట్టి లోపలికి వెళ్లేది. ముప్పై ఏళ్లు ఆసుపత్రి వార్డులో నర్సుగా రోగుల పక్క దుప్పట్లు చూసిన అలవాటది.

ఎవరో వాడి అమ్మేసిన కారు. ఆమె చేతికొచ్చి పద్నాలుగేళ్లయింది. నడిరోడ్డు మీద ఒక్కనాడూ మొండికేయలేదు. "ఇంకెన్నాళ్లక్కా ఈ ముసలిదాన్ని?" అని చెల్లెలు దెప్పితే, "నన్నూ మార్చేస్తావేంటే?" అనేది.

పక్కింటి టైలరుకు కిడ్నీలు పాడయ్యాక, వారానికి మూడుసార్లు ఆయన్ని డయాలసిస్‌కు తీసుకెళ్లేది ఆ కారులోనే. దాని సీటు కవర్లు కుట్టింది ఆయనే. ఎక్కగానే కుట్టు తడిమి, "చెక్కు చెదరలేదు చూశావా చెల్లెమ్మా!" అని మురిసిపోయేవాడు.

ఒకసారి జ్వరం వల్ల ఆయనకి ఒక విడత డయాలసిస్ తప్పిపోయింది. తర్వాతి విడత నాటికి కాళ్లు వాచాయి. మెట్టు దిగడానికే ఆయాసం. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోందని నర్సమ్మకు చూడగానే తెలిసింది. ఆసుపత్రి పావుగంట దూరం. అట్ట లాగింది, శుభ్రంగానే ఉందనుకుంది, బయల్దేరింది.

వంతెన ఎక్కుతుంటే బ్రేకు మెత్తగా తగిలింది. దిగుతుంటే పెడల్ నేలకంటా పోయింది. కారు మాత్రం ఆగలేదు.

కింద సిగ్నల్ దగ్గర స్కూలు బస్సు ఆగి ఉంది.

"అన్నయ్యా, ముందు సీటు గట్టిగా పట్టుకో."

"ఏమయింది?"

"ఏం కాలేదు. పట్టుకోమన్నానా!"

గేర్లు ఒక్కొక్కటే తగ్గించింది. ఇంజను మూలిగింది. నోట్లో దేవుడి పేరు, చేతిలో హ్యాండ్ బ్రేకు. ఒక్కసారిగా లాగితే కారు తిరగబడుతుందని కొద్దికొద్దిగా లాగింది. ఎదురుగా బస్సు పసుపు రంగు పెద్దదవుతూనే ఉంది. రోడ్డు పక్కన ఇసుక కుప్ప కనబడగానే స్టీరింగు అటు తిప్పేసింది. చక్రాలు ఇసుకలో కూరుకుపోయి కారు ఆగింది.

నర్సమ్మ దిగి వెనక తలుపు తీసింది.

"దింపుతావా, సూది ఇక్కడే గుచ్చేస్తావా?" అన్నాడు టైలరు రొప్పుతూనే.

నర్సమ్మకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. వెనకాలే వస్తున్న కూరగాయల వ్యాను మనిషి, ఎవరూ అడక్కుండానే బుట్టలు పక్కకి జరిపి, తన తువ్వాలు పరిచి ఆయన్ని ఆనించి కూర్చోబెట్టాడు. దేవుడు మనుషుల్ని సమయానికి పంపిస్తాడు. ఆసుపత్రికి చేరేసరికి ఆయన పెదాలు నల్లబడ్డాయి గానీ, మిషను మీదికి ఎక్కించాక ఊపిరి కుదురుకుంది.

మధ్యాహ్నం కారు ఇంటికి లాక్కొచ్చిన మెకానిక్కు, వాకిట్లో పడున్న అట్టముక్క తీశాడు.

"అమ్మా, ఇది రోజూ చూస్తారు కదా?"

"చూస్తాను. చుక్క లేదు."

అతను మెల్లగా ఆమె వేలు పట్టుకుని అట్ట మీద పెట్టాడు. జిడ్డుగా తగిలింది.

"బ్రేకు ఆయిలమ్మా. ఇంజనాయిలులా నల్లగా ఉండదనుకోండి. కానీ అరచెయ్యంత మరక. నాలుగైదు రోజులది."

నర్సమ్మ అట్టను ఎండలోకి పట్టి, అటూ ఇటూ తిప్పి చూసింది. పొగమంచులోంచి చూసినట్టుంది. కళ్లలో శుక్లాల పొర వచ్చింది, తీయించుకోమని కంటి డాక్టరు నిరుడే చెప్పాడు. టైలరును ఎవరు తీసుకెళ్తారని తనే వాయిదా వేసుకుంటూ వచ్చింది. కారు నాలుగు రోజులుగా చెబుతూనే ఉంది. తనకే కనబడలేదు.

"మీకు బాగయ్యేదాకా డయాలసిస్ రోజుల్లో బండి నేను నడుపుతాలెండి" అన్నాడు మెకానిక్కు, చేతులు తుడుచుకుంటూ.

మర్నాడు పొద్దున టైలరు అరుగు మీద కూర్చుని చొక్కాకి గుండీ కుడుతున్నాడు. సూదిలో దారం మొదటిసారికే ఎక్కింది. నర్సమ్మ అది చూస్తూ పక్కన కూర్చుని, కారు తాళం ఆయన ఒళ్లో పెట్టింది.

"ఇదేంటి చెల్లెమ్మా?"

"ఒక్క సాయం చెయ్యన్నయ్యా. నా కళ్ల ఆపరేషన్ అయ్యేదాకా ఇది నీ దగ్గరే దాచు. నేనెంత బతిమాలినా ఇవ్వకు. పొద్దున్నే ఆ అట్టముక్క కూడా, నాకోసం నువ్వే చూసిపెట్టు."