ఆరని స్లాబు

ఏ గోడ దగ్గరికెళ్ళినా మేస్త్రి ముందు వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, చెవి ఆనించి వింటాడు. భార్య కాన్పుకి ఆసుపత్రికి వెళ్ళిన రోజు కూడా అంతే, కాన్పు గది గోడని కొట్టాడు. లోపలినుంచి నర్సు తలుపు తీసి, "ఎవరయ్యా, ఆగలేవా?" అని కసిరింది.

ఇటుకలు మోసే పనితో మొదలుపెట్టి పదకొండు ఇళ్ళు కట్టి అమ్మాడు. ఇంకొకటి అమ్మకుండా ఉంచుకుని, నాలుగు వాటాలు చేసి అద్దెకిచ్చాడు. పక్క స్థలంలో ఇప్పుడు మరొకటి లేస్తోంది. రెండింటికీ ఒకటే బోరు.

వానలు లేక రెండేళ్ళు. కొత్త ఇంటికి స్లాబు వేసిన మర్నాడే నీళ్ళ ఆఫీసు వాళ్ళు గేటుకి నోటీసు అంటించారు: కుళాయి నీళ్ళు తాగడానికే. ఇల్లు కట్టడానికి వాడితే కనెక్షను తీసేస్తారు. ఇక బోరే దిక్కు. అది రోజుకి గంట పోస్తే గొప్ప.

కొత్త స్లాబు రెండు వారాలు తడిగా ఉండాలి. ఎండకి ఆరితే పగులుతుంది. పగిలిన కప్పు కింద ఎవరినీ కాపురం పెట్టలేడు. మేస్త్రికి తెలిసిన పద్ధతి ఒకటే: పైన గట్లు కట్టి, మడులు చేసి, నీళ్ళు నిలబెట్టడం. బోరు నీళ్ళన్నీ అటు మళ్ళించాడు. వాటాల్లో బోరు కుళాయిలు రెండు రోజులుగా గాలితో బుస్సుమంటున్నాయి.

మూడోనాడు పొద్దున్నే కింది వాటాలో ఇస్త్రీ చేసే ఆమె మెట్లెక్కి కొత్త స్లాబు మీదికి వచ్చింది.

"బాగుందన్నా! కింద మేం స్నానానికి చెంబెడు నీళ్ళకి మొహం వాచి ఉన్నాం. నువ్విక్కడ చెరువు కట్టుకున్నావు. చేపలెప్పుడు వదులుతావ్?"

"స్లాబు పగిలితే నువ్వొచ్చి అతుకుతావా, చెల్లెమ్మా?"

"సగం ఎండే తాగేస్తోంది కదా. నేను బట్టలమీద నీళ్ళు చల్లి మూటగట్టి పెడతాను. మర్నాటిదాకా చెమ్మ పోదు. ఇంత పెద్ద మేస్త్రివి, ఆమాత్రం తెలీదూ?"

"బట్టకీ కాంక్రీటుకీ పోలికా?"

"ఎండకి రెండూ ఒకటేలే."

ఆమె దిగిపోయింది. మేస్త్రి గట్టు మీద కూర్చుని మడిలో నీటి గీతనే చూశాడు. రెండు వేళ్ళ మందం ఉన్న నీళ్ళు మధ్యాహ్నానికి వేలి మందమయ్యాయి. లేచి మధ్య గట్లు తన్ని, నీళ్ళన్నీ ఓ మూలకి చేర్చాడు. మిగిలిన నీళ్ళని గొట్టంతో వాటాల వాళ్ళ డ్రమ్ముల్లోకి వదిలాడు. బాత్రూములకి పనికొస్తాయి. గోనె సంచులు తడిపి స్లాబంతా పరిపించి, పైన ప్లాస్టిక్ పట్టాలు కప్పించి, అంచులకి ఇటుకలు పెట్టించాడు.

పనిలో భాగస్వామి అయిన బావమరిది తల పట్టుకున్నాడు. "ఇస్త్రీ పెట్టె చెప్పిందని ఇన్నేళ్ళ పద్ధతి మారుస్తావా, బావా?"

"పద్ధతి నాది. మార్చేదీ నేనే. ఆ మూల పట్టా లేచింది, సరిగ్గా కప్పు."

మర్నాడు పొద్దున పైకెళ్ళి పట్టా ఎత్తాడు. గోనె కింద చెయ్యి పెట్టాడు. అరచెయ్యి తడిసింది. కిందికి దిగి, వాటాలకి వెళ్ళే వాల్వు చివరిదాకా తెరిచి, మోటారు వేశాడు.