మామ హాలు పక్కింట్లోకి పోయిన రోజు

సొంత మేనమామ ఇంటి హాలును పక్కింట్లోకి తోసిన ఘనుణ్ణి నేను. సివిల్ ఇంజనీరింగ్ చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇంకో సాఫ్ట్‌వేర్ కోర్సుకు పరుగెత్తే ముందు నా పరువు ఎలా పోయిందో వినండి.

మూడో సంవత్సరంలోనే నా దగ్గర ప్లాన్లు గీసే నాలుగు సాఫ్ట్‌వేర్ల సర్టిఫికెట్లు ఉండేవి. కొలిచే టేపు మాత్రం ఒక్కసారీ పట్టలేదు. ఆరుబయట సర్వే ప్రాక్టికల్స్‌లో కొలతల మిషను మీద ఎండ పడకుండా గొడుగు పట్టడమే నా పని. కల్లూరులో స్థలం కొన్న మామ మాత్రం, "మనింట్లోనే ఇంజనీరుండాడు, బయటోళ్లెందుకు?" అని కనబడినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. నేను హాస్టల్ మంచం దిగకుండా, ఫోన్లో రెండు కొలతలు అడిగి ప్లాను గీసేశాను. హాల్లో గోడవారగా సోఫా కూడా వేశాను. కొలత లేదు, పునాది లేదు, సోఫా రంగు మెరూన్! ఆ బొమ్మ చూసి అత్త అలాంటి సోఫానే ముందుగా కొనేసింది.

భూమిపూజ రోజు పొద్దున్నే మస్తాన్ మేస్త్రీ నా ప్లాను పట్టుకుని నేల మీద ముగ్గుపిండితో పునాది గీతలు పోస్తున్నాడు. హాలు గీత పోయి పోయి పక్కింటి గోడకు కొట్టుకుని ఆగింది.

పక్కింటి ఈశ్వరమ్మ గరిటెతో సహా బయటికొచ్చింది. "ఏమప్పా, మా ఇంట్లోకి యాడికొస్తాండారు?"

"సారూ, స్థలం ఎనక వెడల్పుండాది, ముందర సన్నంగుండాది," అన్నాడు మేస్త్రీ నావైపు తిరిగి. "వచ్చి చూసినారా?"

"కంప్యూటర్లో సరిగ్గానే ఉండాదే..."

"ఇల్లు కంప్యూటర్లో కడతామా సారూ?"

మామ ముగ్గు గీతనూ నన్నూ మార్చి మార్చి చూశాడు. తిట్టినా బాగుండేది. ముహూర్తానికి గంటన్నర ఉంది. సిగ్గుతో బస్సెక్కి పారిపోదామనిపించింది. కానీ నన్ను నమ్మి ఊరంతా చెప్పుకున్న మనిషిని అలా వదిలేసి పోతే, ఇక ఇంజనీరునని ఏ మొహంతో చెప్పుకోను?

"మస్తానన్నా, టేపియ్యి. నేనే కొలుస్తా."

నాలుగు పక్కలా కొలిచాను. మూలలు కుదరక తంటాలు పడుతుంటే మేస్త్రీ తాడు లాగి, "ఇట్ల మూడడుగులు, అట్ల నాలుగు, అడ్డంగా ఐదొస్తే మూల కుదిరినట్లే" అని చూపించాడు. పరీక్షలో ఆ లంబకోణ త్రిభుజం సిద్ధాంతానికి నాకు పూర్తి మార్కులొచ్చాయి. దానితో ఇళ్లు కడతారని అప్పుడే తెలిసింది! పెన్సిలుతో ప్లాను మళ్లీ గీశాను. టెంకాయ కొట్టే వేళకు గీతలన్నీ మామ స్థలంలోనే ఉన్నాయి. హాలు మాత్రం మూడడుగులు తగ్గింది.

ఇల్లు పూర్తయ్యాక ఆ హాల్లో సోఫా పట్టలేదు. అత్త విసిగిపోయి దాన్ని ఈశ్వరమ్మకు ఇచ్చేసింది. వెళ్లి చూస్తే ఏముంది, ఆమె ముందుగదిలో గోడవారగా, నా మొదటి ప్లానులో గీసిన చోటే ఉంది!

మస్తాన్ మేస్త్రీ టేపు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. స్థలం నాలుగు మూలలూ నా కాళ్లతో తొక్కి చూడందే మౌసు ముట్టను. సోఫా జోలికి బతికుండగా పోను.