గులాబీ కాళ్ళ కొత్తల్లుడు

బారువ తీరంలో నెత్తళ్ళనే చిన్న చేపల్ని ఇసుక మీద ఆరబెట్టే ముసలావిడ ఒకామె ఉండేది. చేపల కోసం వాలే ప్రతి సీగల్ పక్షినీ బావా అని పిలిచే తిట్టేది. "ఏటి బావా, మీ ఇంటికాడ వొండనేదేటి?" అంటూ గుప్పెడు తడి ఇసుక విసిరేది.

నా చంటిపాపకు ఎండ తగులుతుందేమో, ఇసుక తింటుందేమో అని బెదురుతూనే, పక్షుల్ని చూడ్డానికి నేనూ అక్కడికి వెళ్ళేదాన్ని. ఒకరోజు ముదురు బూడిదరంగు వీపున్న సీగల్ కనిపించింది. ఇటువైపు దాదాపు రాని రకమనిపించి, పక్షులు చూసేవాళ్ళ గ్రూపులో ఫొటో పెట్టాను. "మామూలుదేనేమో, కాళ్ళు కనబడలేదుగా" అన్నారు. మామూలుదానికి పసుపు కాళ్ళు, నేననుకున్న రకానికి గులాబీ కాళ్ళు ఉండాలి. పాప పుట్టాక అన్నిటికీ భయపడుతున్న నాకు, నా కళ్ళ మీద కూడా నమ్మకం పోయింది.

మర్నాడూ అది కాళ్ళు ముడుచుకునే కూర్చుంది. ముసలావిడకు నా బాధ చెప్పాను.

"అదా? అది బావ కాదమ్మా, కొత్తల్లుడు. దొంగతనం సేతకాదు, పిలిస్తేగాని రాడు" అంది. పక్షులకు ఒక్క చేపైనా వదలని ఆ మనిషి గుప్పెడు నెత్తళ్ళు తీసి విసిరింది. "లెగు నాయనా, బోయినానికి రా!"

అది లేచి నిలబడింది. గులాబీ కాళ్ళు! ఫొటో తీసి గంతేశాను. చంకలో పాప కిలకిలా నవ్వింది.

"నానూ సూసినాను. ఎవులైనా కాదంటే నా పేరు సెప్పు" అంది ఆమె, గుండె మీద చెయ్యేసుకుని.

అలాగేనని ఇంటికి పరుగెత్తాను. గ్రూపులో అందరూ ఒప్పుకున్నాకగానీ, ఆమె పేరే అడగలేదని నాకు తట్టలేదు.