డెల్ఫీన్ చోటు

వయాన్‌డాట్ ఊళ్ళో ఇప్పుడు పొట్టలు పెంచుకుని, నెత్తిన టోపీలతో బట్టతలలు దాచుకుంటున్న మగవాళ్ళలో సగంమందిని చిన్నప్పుడు బడికి మోసుకెళ్ళింది డెల్ఫీన్ వోయ్టాసే. మోకాళ్ళు అరిగేదాకా పసుపుపచ్చ స్కూలు బస్సు నడిపింది. ఇప్పటికీ ఆవిడ సరుకుల కొట్లో ఎదురైతే వాళ్ళు గొంతు తగ్గించి, "బాగున్నారా మిస్ డెల్ఫీన్" అంటారు. వెనక సీట్లోంచి లేచి ముందుకొచ్చి కూర్చోమంటుందేమోనని ఇంకా భయం.

బస్సు పొట్టకూటికి. మనసు మాత్రం ఎప్పుడూ ఇంకో బండి మీదుండేది.

ఆ బండి పేరు కెస్ట్రెల్. ఒక చిన్న జాతి డేగ పేరది. చిన్న ఒంట్లో పెద్ద ఇంజను కుక్కి, డెట్రాయిట్ నది ఒడ్డు ఫ్యాక్టరీలవాళ్ళు ఒకప్పుడు రోడ్లమీదికి వదిలిన మొరటు కార్లలో ఒకటి. ముక్కు పొడుగు, తోక పొట్టి, వెనక అటు మూడు ఇటు మూడు దీపాలు. స్టార్ట్ చేస్తే పక్కింటి అలమారలో పింగాణీ కప్పులు గలగలలాడేవి. పెళ్ళికి ముందు, కారు సీట్లు కుట్టే షాపులో పనికి చేరిన కొత్తలో, ఎవరో వాడి వదిలేసిన ఎర్ర కెస్ట్రెల్‌ని డెల్ఫీన్ కొనుక్కొచ్చి ఇంటిముందు పెట్టింది. వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి చూసి, "ఆడపిల్లన్నాక చలికోటు కొనుక్కుంటుంది, కుట్టుమిషను కొనుక్కుంటుంది. ఇదేంటే, ఇంత మొగుణ్ణి తెచ్చావు" అంది. చిన్నాన్న స్టాష్ ఒక్కడే నవ్వి తాళాలు అందుకున్నాడు. సోడా ఫ్యాక్టరీ వెనకున్న ఖాళీ స్థలంలో ఆదివారం ప్రార్థన అయ్యాక బండి నేర్పాడు. కెస్ట్రెల్ క్లచ్ అంటే మామూలు బరువు కాదు, ఎద్దు మెడమీద కాలేసినట్టుండేది. "తొక్కకు తల్లీ, ఒప్పించు" అనేవాడు స్టాష్.

ఆ తర్వాత పెళ్ళాడిన లెనార్డ్ నీళ్ళ శాఖలో పనిచేసేవాడు. కార్ల గురించి ఓనమాలు తెలియవు, తెలుసుకోవాలన్న ఆశా లేదు. అయినా వేసవిలో ప్రతి శుక్రవారం సాయంత్రం ఆవిడతోపాటు ఫోర్ట్ స్ట్రీట్‌లో జోర్గో కోనీ దుకాణానికి వచ్చేవాడు. ఆ దుకాణం ముందు స్థలంలో చుట్టుపక్కల ఊళ్ళ కెస్ట్రెల్ వాళ్ళంతా చేరతారు. బానెట్లు ఎత్తిపెట్టి, మడత కుర్చీలు వేసుకుని, కోనీలనే, కారం కూర పోసిన సాసేజ్ బన్నులు తింటూ ఒకళ్ళ బండికి ఒకళ్ళు వంకలు పెట్టుకుంటారు. ఎవరి చోటు వాళ్ళకుంది. గీతలు గీసి పంచిందేమీ కాదు, వాడుకలో పడిపోయింది. డెల్ఫీన్ చోటు దీపస్తంభం కింద, దుకాణం కిటికీ పక్కన. లెనార్డ్‌కి గళ్ళనుడికట్టు నింపుకోవడానికి వెలుతురు కావాలి కాబట్టి ఆ చోటు.

"ఎందుకు బాబూ వస్తావు, ఇంట్లో పడుకోక" అని ఓటిస్ గ్రిగ్స్‌బీ ఎగతాళి చేసేవాడు. "ఈవిణ్ణి ఎవరన్నా ఎత్తుకుపోతే సాక్షి కావాలి కదయ్యా" అనేవాడు లెనార్డ్, పేపర్లోంచి తలెత్తకుండా.

ఓటిస్‌ది ఆకుపచ్చ కెస్ట్రెల్. గేరుబాక్సులు చేసే ఫ్యాక్టరీలో అన్నేళ్ళు ఆ చప్పుళ్ళ మధ్య నిలబడి చెవులు మందగించాయి. లెనార్డ్ చనిపోయిన వారంలోనే డెల్ఫీన్ జోర్గో దగ్గరికి ఒంటరిగా వచ్చినప్పుడు, ఒక్కళ్ళూ పరామర్శ మాటలు మాట్లాడలేదు. ఓటిస్ ఒక కోనీ తెచ్చి ఆవిడ చేతిలో పెట్టి, అది తినడం అయ్యేదాకా పక్కనే నిలబడి, "నీ ఎడమ దీపం ఒకటి వెలగట్లేదు, చూసుకో" అన్నాడు. ఆ మాటకి ఆవిడ ఇప్పటికీ రుణపడి ఉన్నాననుకుంటుంది.

వీళ్ళకి ఇంకో అలవాటుంది. రోడ్డుమీద ఎదురుగా ఇంకో కెస్ట్రెల్ వస్తే, స్టీరింగ్ మీంచి రెండు వేళ్ళు ఎత్తాలి. లోపలున్నది మేయరైనా సరే, మొన్న అప్పు ఎగ్గొట్టినవాడైనా సరే.

ఇలా నడుస్తుండగా ఒక చలికాలం కబురొచ్చింది. కంపెనీవాళ్ళు కెస్ట్రెల్‌ని మళ్ళీ మొదట్నుంచీ గీస్తున్నారని. ఫొటోలు కూడా వచ్చాయి. ఈస్టర్ ముందు ఉపవాసాల శుక్రవారం, చర్చి హాల్లో చేపల వేపుడు దగ్గర ఆ ఫొటోలున్న ఫోను చేతులు మారింది.

"నాలుగు తలుపులంట" అన్నారొకరు.

"పిల్లల సీటు పెట్టుకోడానికి వీలుగా అంట."

"గేరు కర్ర లేదు. గుండ్రటి మీట తిప్పుకోవడమే. లోపలంతా బ్యాటరీలే."

"మరి చప్పుడు?"

"స్పీకర్లోంచి వస్తుందంట. వద్దనుకుంటే ఆపేసుకోవచ్చంట."

"ఆపేసుకునే గుండెకాయ ఎవరికన్నా ఉందా?" అంది డెల్ఫీన్.

హాలంతా నవ్వింది గాని, ఓటిస్ నవ్వలేదు. ఫోను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసి, "ఇందులో గేర్లే లేవు. అంటే నేను అన్నేళ్ళు ఫ్యాక్టరీకి ఎందుకెళ్ళినట్టు?" అన్నాడు. ఆ హాల్లో ఉన్నవాళ్ళంతా ఆ బండిలో ఏదో ఒక ముక్క చేసినవాళ్ళో, చేసినవాళ్ళ బిడ్డలో. ఆకారం పాడవుతుందన్న దిగులు పైపైది. అసలు భయం ఓటిస్ నోట వచ్చింది.

పూర్వం ఒకసారి కంపెనీ దాన్ని బుజ్జి కారుగా మార్చబోతే వీళ్ళంతా ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి ఆపించారు. ఈసారీ రాశారు. ఈసారి మర్యాదైన జవాబులు మాత్రమే వచ్చాయి. దాంతో డెల్ఫీన్ చేపముక్క గుచ్చిన ఫోర్కు చేత్తో అలాగే లేచి నిలబడి ఒక తీర్మానం చేసింది. కొత్తవాటికి వేళ్ళు ఎత్తకూడదు. జోర్గో దగ్గరికి వస్తే వరసలో చోటివ్వకూడదు, చివర చెత్తడబ్బా పక్కన పెట్టుకోవాలి. అందరూ చేతులెత్తారు. క్యాబేజీ సలాడ్ గిన్నె మోసుకొస్తున్న ఫాదర్ కూడా ఎందుకో తెలియకుండానే ఒక చెయ్యి ఎత్తాడు.

మరుసటి ఏడు ఆ కొత్త కెస్ట్రెల్ ఊళ్ళోకి రానే వచ్చింది. తెచ్చింది ఎవరో కాదు, డెల్ఫీన్ తమ్ముడి కూతురు రొమానా. ఆసుపత్రిలో నర్సు.

"చోచీ, నీ బండిలో తిరుగుతూ పెరిగాననే కదా ఇది కొన్నాను" అంది. పోలిష్ ఇళ్ళలో అత్తని చోచీ అంటారు.

"నా బండిలో పెరిగి ఫ్రిజ్ కొనుక్కున్నావన్నమాట. అందులో పాలు పెట్టుకో, నేను మాత్రం ఎక్కను."

రొమానా నవ్వేసింది. కానీ అప్పట్నుంచి వచ్చినప్పుడల్లా కారు వీధి చివర పెట్టి నడుచుకుంటూ రావడం మొదలుపెట్టింది. డెల్ఫీన్ అది చూసింది.

ఆ వసంతంలోనే ఎడమ మోకాలు పూర్తిగా మొరాయించింది. ఆపరేషన్ చేసి కొత్త కీలు వేశారు. అన్నీ బాగానే జరిగాయి. చివర్లో డాక్టరమ్మ, "నడవండి, మెట్లెక్కండి, కారు కూడా నడపండి. ఆ పాత బండి క్లచ్ మాత్రం వద్దు. ఈ కీలు దాన్ని మొయ్యలేదు" అంది.

"ఎప్పటిదాకా?"

డాక్టరమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. జవాబు అందులోనే అర్థమైంది.

ఈ సంగతి డెల్ఫీన్ ఎవరికీ చెప్పలేదు. ఓటిస్ ఫోన్ చేస్తే "ఇంకా వాపుంది" అనేది. "నేనొచ్చి తీసుకెళ్తాలే" అంటే, "ఊరి పిల్లలందర్నీ మోసినదాన్ని, నన్నింకొకడు మొయ్యడమేంటి" అనేది. అది డాబు. లోపల సంగతి వేరు. బండి లేకుండా వెళ్తే తానక్కడ ఎవరు? దారినపోతూ ఆగి ఫొటోలు తీసుకునే జనంలో ఒకత్తి. వెలుతురున్న చోటు, పైగా కిటికీ పక్కన, ఈపాటికి ఎవరో ఒకరు ఆక్రమించే ఉంటారు. అది కళ్ళతో చూడ్డం కంటే ఇంట్లో కూర్చోవడం నయం. ఒకదాని తర్వాత ఒకటి శుక్రవారాలు గడిచిపోయాయి.

జులైలో ఒక శుక్రవారం మధ్యాహ్నం రొమానా డ్యూటీ దిగి వచ్చింది. కారు ఈసారి నేరుగా ఇంటిముందే పెట్టింది. తాళం వంటింటి బల్లమీద పడేసి, సోఫాలో వాలి, గోడవైపు తిరిగి, "నాకు పొద్దుటిదాకా కారుతో పనిలేదు చోచీ" అంది, గోడతో చెబుతున్నట్టు.

డెల్ఫీన్ చాలాసేపు గిన్నెలు తోమింది. తోమినవే మళ్ళీ తోమింది. ఆ తర్వాత లెనార్డ్ చేపల వేట టోపీ తలకి పెట్టుకుని, పెద్ద నల్లకళ్ళద్దాలు తగిలించుకుని, చేతికర్ర తీసుకుని బయటికి నడిచింది.

కారు చప్పుడు చెయ్యకుండా కదిలింది. దొంగతనానికి బయల్దేరినట్టనిపించింది ఆవిడకి. ఎడమ పాదం క్లచ్ కోసం, నిద్రలో దుప్పటి కోసం తడుముకున్నట్టు నేలంతా తడుముకుంది. ఇది నచ్చకూడదని గట్టిగా అనుకుంది. కాని మోకాలు నొప్పి పెట్టలేదు. దాంతో ఇంకా కోపమొచ్చింది. వంతెన దగ్గర ఎదురుగా నీలం పాత కెస్ట్రెల్ ఒకటి వచ్చింది. ఆవిడ ప్రమేయం లేకుండానే రెండు వేళ్ళు లేచాయి. అవతలివాడు తిన్నగా ముందుకే చూస్తూ వెళ్ళిపోయాడు. చెంప చెళ్ళుమన్నట్టయింది. పాపం అతను ఆవిడ పెట్టిన రూలే పాటిస్తున్నాడు.

జోర్గో దుకాణం ముందు వరసంతా కిక్కిరిసి ఉంది. దీపస్తంభం కింద మాత్రం ఖాళీ. మధ్యలో ఒక మడత కుర్చీ వేసుంది, అంతే. డెల్ఫీన్ నమ్మలేక, కారుని మెల్లగా అటు తిప్పింది. ఓటిస్ రెండు చేతులూ అడ్డంగా ఊపుతూ పరుగులాంటి నడకతో వచ్చాడు. ఆవిడ అద్దం వేలెడంత దించింది.

"ఇక్కడ కాదమ్మా, ఇది ఒకరి చోటు."

"ఎవరిది?" అంది గొంతు మార్చి. మార్చక్కర్లేదు, ఓటిస్‌కి ఎలాగూ సగమే వినపడుతుంది.

"డెల్ఫీన్ అని ఒకావిడ. మోకాలు చేయించుకుంది, వస్తుంది."

"రాకపోతే?"

"రాకపోతే ఖాళీగా ఉంటుంది. దానికేం, తిండి పెట్టాలా?" కుర్చీ కొంచెం సర్దాడు. "మొన్నొకడు ఇక్కడ పెట్టబోతే జోర్గో గరిటె పట్టుకుని వచ్చాడు బయటికి. నీ మంచికే చెప్తున్నా తల్లీ, ఆవిడ గనక ఈ బండిని తన చోట్లో చూసిందంటే నీ ఏడు తరాల్నీ తిడుతుంది. చివర చెత్తడబ్బా పక్కన పెట్టుకో. ఆ ఏర్పాటూ ఆవిడదే."

డెల్ఫీన్ అద్దం ఎత్తేసింది. ఏడుపొస్తోందో నవ్వొస్తోందో ఆవిడకే తెలియలేదు. కారు తీసుకెళ్ళి బుద్ధిగా చెత్తడబ్బా పక్కన పెట్టింది. కుళ్ళిన ఉల్లిపాయల వాసన కొట్టింది. ఆ వాసన పీలుస్తూ కాసేపు కూర్చుంది. అప్పుడు టోపీ, కళ్ళద్దాలు తీసేసి, కర్ర పట్టుకుని, ఎత్తిన బానెట్ల మధ్యనుంచి నడుచుకుంటూ వచ్చింది.

ముందు చూసింది జోర్గో. కిటికీలోంచి గరిటెతో పెనం మీద టంగుటంగుమని కొట్టాడు. అందరూ తలలు తిప్పారు.

"వాపు తగ్గిందా?" అన్నాడు ఓటిస్. "దేన్లో వచ్చావు?"

ఆవిడ కర్రతో చెత్తడబ్బా వైపు చూపించింది. ఓటిస్ అటు చూశాడు, ఇటు చూశాడు.

"ఇందాక నేను తరిమింది నిన్నా?"

"మర్యాదగానే తరిమావులే."

"తిడుతుందని కూడా చెప్పాను."

"అబద్ధమేం చెప్పలేదుగా." అందరికీ వినపడేలా చెప్పింది. "మోకాలు బాగానే ఉంది ఓటిస్. క్లచ్ మాత్రం ఇంక లేదంట, నాకు. ఇక నా బండి తేలేను. ఈ చోటు ఎవరికన్నా ఇచ్చెయ్యండి."

ఎవరో ఇంజను ఆపేశారు. ఓటిస్ తల గోక్కున్నాడు.

"చోటు బండిదని నీకెవరు చెప్పారు? లెనార్డ్‌కి ఏ బండుంది? అన్నేళ్ళు ఇక్కడే కూర్చోలా? ఎవడన్నా లెమ్మన్నాడా?" కుర్చీ దీపం కిందికి జరిపాడు. "కూర్చో. నిలబడి మాట్లాడుతుంటే నాకు కాళ్ళు లాగుతున్నాయి."

డెల్ఫీన్ కూర్చుంది. జోర్గో కోనీ పంపించాడు, ఉల్లిపాయలు లేకుండా, ఆవాల ముద్ద ఎక్కువేసి, ఆవిడ ఎప్పుడూ తినేలాగే. ఆవిడ దాన్ని రెండు చేతులా పట్టుకుని చాలాసేపు తినకుండా కూర్చుంది. అప్పుడు ఓటిస్ చెత్తడబ్బా దాకా వెళ్ళి, కొత్త కారు చుట్టూ తిరిగి, వెనక దీపాలు వంగి లెక్కపెట్టి వచ్చాడు.

"అటు మూడు, ఇటు మూడు. అదొక్కటీ ఉంచారు వెధవలు" అన్నాడు.

తర్వాతి శుక్రవారం డెల్ఫీన్ తన రూలు తానే ఎత్తేస్తానంది. కుదరదు, ఓట్లు పెట్టాలన్నారు. పెడితే సగం సగం వచ్చాయి. పెద్ద గొడవయ్యాక, కొత్త బండ్లని చెత్తడబ్బా దగ్గర్నుంచి ఒక్క చోటు ఇవతలికి జరపడానికి ఒప్పుకున్నారు. వేళ్ళు ఎత్తడం ఎవరిష్టం వాళ్ళది. ఓటిస్ ఎత్తుతాడు, ఒకటే వేలు, అదీ సగమే. గేర్లు లేనందుకు మిగతాది కోసేసుకున్నానంటాడు.

మిగిలిన ఎండాకాలమంతా రొమానా సోడా ఫ్యాక్టరీ వెనక ఖాళీ స్థలంలో పాత ఎర్ర బండి నేర్చుకుంది. బండి గుక్కపట్టి ఆగిపోయినప్పుడల్లా పక్కసీట్లోంచి డెల్ఫీన్, "తొక్కకు తల్లీ, ఒప్పించు" అనేది. ఇప్పుడు శుక్రవారాలు రొమానా ఆ బండిని తెచ్చి దీపం కింద పెడుతుంది. వెనకాలే కొత్తదాంట్లో డెల్ఫీన్ వస్తుంది, పక్కసీట్లో ఏంజెల్ రెక్కలనే పోలిష్ పిండివంట పళ్ళెంతో. పైన పంచదార పొడి చల్లిన ఆ వంట ఓటిస్‌కి ప్రాణం. ఎందుకు తెస్తున్నావని అతను అడగడు, ఆవిడ చెప్పదు.

వచ్చిన ప్రతిసారీ, ఎర్ర బండి అక్కడున్నా సరే, ముందు దీపస్తంభం వైపే తిప్పుతుంది కారుని. ఓటిస్ చేతులు అడ్డంగా ఊపుతూ వస్తాడు. ఆవిడ అద్దం వేలెడంత దించుతుంది.

"ఇక్కడ కాదమ్మా. ఇది డెల్ఫీన్ చోటు."

"వస్తుందంటావా ఆవిడ?"

"వస్తుంది. ఎప్పుడూ ఆలస్యమే" అంటాడు ఓటిస్, పళ్ళెం అందుకుంటూ.