హెప్సిబా మానేసిన ప్రశ్న

రేపల్లె బస్టాండు నుంచి మార్కెట్టుకి వెళ్ళే దారిలో హెప్సిబా మందుల షాపుంది. మందులు ఎక్కడైనా దొరుకుతాయి గానీ అక్కడ దొరికే చీవాట్లు ఇంకెక్కడా దొరకవు. ఎవరైనా వచ్చి "గట్టి యాంటీబయాటిక్ ఏదైనా పడెయ్యండి మేడమ్" అన్నారో, వాళ్ళ పని అయిపోయినట్టే. "డాక్టరు నువ్వా, నేనా? ఇద్దరమూ కాదుగా! వెళ్ళి చూపించుకుని చీటీ పట్రా" అని పంపేస్తుంది. తిట్టించుకున్నవాళ్ళు మళ్ళీ ఆ షాపుకే వస్తారు. అదీ విశేషం.

పుట్టింది కొలకలూరులో. తండ్రి దేవసహాయం మిషను ఆసుపత్రిలో కాంపౌండరు. తండ్రి మందులు కలుపుతుంటే చూస్తూ పెరిగిన పిల్ల, పట్టుబట్టి ఫార్మసీ చదివింది. పెళ్ళయి రేపల్లె వచ్చిన కొత్తలో ఒక షాపాయన ఇంటికొచ్చాడు. "మీ సర్టిఫికెట్ మా గోడకి తగిలిస్తాం, మీరు ఇంట్లో హాయిగా కూర్చోండి, నెలనెలా డబ్బు పంపిస్తాం" అన్నాడు. "నా పేరు గోడ మీదుంటే నేను గోడ ముందుంటానండి" అని ఆయనకి కాఫీ ఇచ్చి మరీ సాగనంపింది. ఆరు నెలలు తిరక్కుండా సొంత షాపు తెరిచింది. పాతికేళ్ళయింది. తెల్లకోటు వేసుకోకుండా ఆమె కౌంటరు దగ్గర నిలబడిన రోజు నేనైతే చూడలేదు.

ఆమెకొక అలవాటుంది. ఆమెకేంటి, మా వైపు మందుల షాపులన్నిటికీ ఉంది. ఒక ఇంటికి మందు ఇచ్చాక, ఆ ఇంట్లోంచి తరవాత ఎవరొచ్చినా సరే, "తగ్గిందా?" అని అడగాలి. అడక్కపోతే మర్యాద కాదు. మామగారొస్తే కోడలి దగ్గు సంగతి, కోడలొస్తే మామగారి షుగరు సంగతి. ఊళ్ళో ఎవరికేం జబ్బో ఆమెకు కంఠతా వచ్చు. అది తన గొప్పే అనుకునేది పాపం.

కావేరి ఆ షాపుకొచ్చే అమ్మాయే. ముప్పై ఏళ్ళుండవు. ఇంట్లో జాకెట్లు కుడుతుంది. భర్త పూర్ణచంద్రరావు పురుగుమందుల కంపెనీలో సేల్స్ చూస్తాడు. ఇస్త్రీ చొక్కా, నోరారా "మేడమ్ గారూ" అనే పిలుపు, బజారంతా మంచిపేరు. అతని బీపీ మాత్రలు కూడా హెప్సిబా దగ్గరే. కావేరి మాత్రం నొప్పుల ఆయింటుమెంటు కోసం వచ్చేది. ఒకసారి భుజం, ఒకసారి నడుము. "బాత్రూంలో జారానండి" అనేది. "ఆ బాత్రూం పడగొట్టించవే తల్లీ" అని హెప్సిబా నవ్వేసేది. ఏ మందులో ఏముందో, దేంతో కలిస్తే ప్రమాదమో నిద్రలో లేపి అడిగినా చెప్పగల మనిషి. కానీ పైట కింద దాచుకున్న దెబ్బను ఎలా అడగాలో ఏ క్లాసులోనూ చెప్పలేదు. చెప్పాలని ఎవరికి తోచింది గనక?

ఒక సోమవారం పూర్ణచంద్రరావు మాత్రల కోసం వచ్చాడు. హెప్సిబా అలవాటు ప్రకారం అడిగింది.

"కావేరికి భుజం తగ్గిందాండి? బాగా కమిలిపోయింది, చూపించింది మొన్న."

అతను ఒక్క క్షణం ఆగి, "తగ్గిందండి మేడమ్ గారూ" అని నవ్వి వెళ్ళాడు.

ఆ తరవాత మూడు వారాలు కావేరి జాడ లేదు.

హెప్సిబా సరుకు కోసం తెనాలి వెళుతుంటుంది. అలాగే ఒకరోజు పొద్దున్న రైలెక్కింది. ఎదురు బల్ల మీద కావేరి. ఎడమ చేతికి పిండికట్టు. తెనాలి ఎముకల డాక్టరు దగ్గరికట. భర్త తలుపు దగ్గర నిలబడి ఫోనులో ఎవరికో పురుగుమందు సంగతి చెబుతున్నాడు.

"అయ్యో, ఏంటమ్మా ఇది? మళ్ళీ జారావా?"

కావేరి తలుపు వైపు చూసి, గొంతు తగ్గించింది.

"మీరు అడిగారంటగా ఆంటీ, భుజం తగ్గిందా అని. ఊళ్ళో అందరికీ చూపించుకుంటున్నావా అని ఇరగ్గొట్టాడు."

అతను ఫోను జేబులో పెట్టుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు. "మేడమ్ గారూ, సరుక్కా?" అని పలకరించాడు. హెప్సిబా తల ఊపి కిటికీ వైపు తిరిగింది.

తెనాలిలో దిగి ఆ రోజు ఏం కొన్నదో హెప్సిబాకి గుర్తులేదు. సగం మందులు మరిచిపోయి ఇంటికొచ్చింది. పాతికేళ్ళుగా ఊరికి మేలు చేస్తున్నాననుకున్న నోరు ఒక పిల్ల చెయ్యి విరిచింది. ఆమె భర్త రాజారత్నం, రిటైరైన మాస్టారు, "నువ్వు కావాలని చేశావా ఏంటి?" అని ఓదార్చబోయారు. "కావాలని చెయ్యలేదు, తెలీక చేశాను. మందుల షాపులో తెలీక చేస్తే ఒప్పుకుంటారా?" అని కస్సుమంది.

మర్నాడు షాపు మూసి బాపట్ల బస్సెక్కింది. దెబ్బలు తిన్న ఆడవాళ్ళకి సాయం చేసే కేంద్రం అక్కడుందని విన్నది. ఝాన్సీ అనే కౌన్సిలరు ముందు కూర్చుని, కొత్త పుస్తకం తీసి, బడిపిల్లలా రాసుకుంది. ఒంటరిగా ఉన్నప్పుడే అడగాలి. సూటిగా అడగాలి. చెప్పకపోతే బలవంతం చెయ్యకూడదు. వెళ్ళిపొమ్మని తొందరపెట్టకూడదు, ఎప్పుడు మంచిదో ఆమెకే తెలుస్తుంది. కాగితం మీద ఏదీ రాసివ్వకూడదు, ఇంట్లో దొరికితే మళ్ళీ దెబ్బలే.

"డాక్టరు దగ్గరికి వెంట మనిషి వస్తాడండి. మందుల షాపుకైతే చాలామంది ఒక్కళ్ళే వస్తారు. మీరు గనక తల్చుకుంటే..." అంది ఝాన్సీ.

"తల్చుకునే వచ్చానమ్మా" అంది హెప్సిబా.

తిరిగొచ్చి షాపులో ఓ మూల తెర కట్టించింది. లోపల ఒక స్టూలు, బీపీ మిషను, ఒక ఫోను. ఆ రోజు నుంచి ఒకరి జబ్బు ఇంకొకరిని అడగడం మానేసింది. జనం నొచ్చుకున్నారు. "మేడమ్ గారికి పొగరెక్కింది, మా ఆవిడ సంగతే అడగట్లేదు" అన్నారు. అనుకోనీ అంది.

పది రోజులకి పూర్ణచంద్రరావు భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు, నొప్పి మాత్రల చీటీతో.

"ఈ మాత్రలకి బీపీ పెరుగుతుందండి. ఒకసారి చూసే ఇస్తాను. నువ్వు లోపలికి రామ్మా."

అతనూ కదిలాడు. "ఆడవాళ్ళకండీ అది" అంది హెప్సిబా, చెయ్యి అడ్డం పెట్టి.

తెర వెనక, మిషను బుస్సుమంటుంటే, చిన్నగా అడిగింది. "నిన్ను కొడుతున్నాడు. నాకు తెలుసు. నేనేమైనా చెయ్యనా?"

"చెబితే మళ్ళీ ఆయన్నే అడుగుతారుగా ఆంటీ."

హెప్సిబాకి చెంప ఛెళ్ళుమన్నట్టయింది. "తప్పు నాది. క్షమించమ్మా" అంది. ఊరందరినీ తిట్టే మనిషి, కూతురంత పిల్ల ముందు తల దించింది. "ఒకటి ఎనిమిది ఒకటి. ఆడవాళ్ళకి సాయం చేసే నంబరు, మూడే అంకెలు. గుర్తుపెట్టుకో, రాసుకోకు. ఎప్పుడు చెయ్యాలో నీ ఇష్టం. ఈ ఫోను ఇక్కడే ఉంటుంది."

కావేరి ఫోను వైపు ఒకసారి చూసి, పైట సర్దుకుంది. బీపీ మాత్రం నిజంగానే నూటయాభై చూపించింది. బయటికొచ్చి, "వారం వారం చూడాలండి" అని భర్తకి చెప్పింది హెప్సిబా.

నాలుగు వారాలు అతనే తీసుకొచ్చాడు. కావేరి స్టూలు మీద కూర్చునేది, లేచి వెళ్ళేది. హెప్సిబా మళ్ళీ అడగలేదు. నోరు కట్టుకోవడం ఆమెకెంత కష్టమో రాజారత్నం గారిని అడగండి.

అయిదో వారం కావేరి ఒక్కతే వచ్చింది. పిండికట్టు తీసేశారు. "బీపీ చూస్తారా ఆంటీ?" అని తెర వెనక్కి వెళ్ళింది. కాసేపటికి అంకెలు నొక్కిన చప్పుడు వినపడింది. మెల్లగా మాటలు.

అదే సమయానికి మోటారుసైకిలు ఆగింది. "మా ఆవిడ ఇటొచ్చిందా మేడమ్ గారూ?"

"షాపుకి ఎవరొచ్చారో ఇంకొకళ్ళకి చెప్పనండి."

"భర్తనండీ నేను!"

"మీ సంగతి మీ ఆవిడ అడిగినా చెప్పను."

అతను తెర వైపు చూశాడు. నవ్వు పోయింది. లోపలికి రావడానికి కౌంటరు పలక ఎత్తబోయాడు. హెప్సిబా రెండు చేతులూ దాని మీద ఆనించింది.

"ఆడవాళ్ళ తెర దగ్గరికి పోతారా? ఒక్క అడుగు వెయ్యండి, ఈ బజారంతా పిలుస్తాను!"

ఆ గొంతుకి మందులు కొనడానికొచ్చిన ముగ్గురూ అతని వైపు తిరిగారు. ఎదురు కొట్టాయన మెట్లు దిగాడు. మంచిపేరున్న మనిషి కదా, చొక్కా సర్దుకుని, ఏదో గొణిగి, బండెక్కి పోయాడు. బండి చప్పుడు దూరమైంది. అయినా హెప్సిబా కౌంటరు వదల్లేదు.

తెర తొలగింది. కావేరి ముఖం పాలిపోయి ఉంది, కళ్ళు మాత్రం నిలకడగా ఉన్నాయి.

"బాపట్ల కేంద్రం నుంచి మనుషులొస్తున్నారంట ఆంటీ. ఇక్కడే ఉండమన్నారు."

"ఉండమ్మా. ఎంతసేపైనా ఉండు. వాడొచ్చాడని భయపడ్డావా?"

"ఆయన గొంతు వినపడింది" అంది కావేరి. "అయినా ఫోను పెట్టెయ్యలేదు. మొత్తం చెప్పాను."